ఊట పైన గొయ్యి

కొర్రపుట్టు ఊట నీళ్ళు ఎందుకు కంపు కొడుతున్నాయో ఆ ఊళ్ళో మేకపిల్లని అడిగినా చెబుతుంది. తెలియనిది ఒక్క సర్వేశ్వరరావు గారికే. ఆయనకి తెలియకపోవడానికి గట్టి కారణమే ఉంది. ఊట పైన గొయ్యి తవ్వించింది ఆయనే.

ఆయన అరకు కొండల్లో కాఫీ తోటలు వేయించే సర్కారీ ఆఫీసులో అధికారి. కాఫీ కాండాన్ని తొలిచే పురుగుకి పూయమని పైనుంచి గమాక్సిన్ అనే విషపు పొడి బస్తాలకి బస్తాలు వచ్చేది. పూయించాలంటే కూలీల వెంట కొండ ఎక్కాలి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. అందుచేత పొడి షెడ్డులోనే ఉండిపోయి, కప్పు కారి, తడిసి గడ్డకట్టింది. తనిఖీ వస్తోందని తెలియగానే ఆయన కొర్రపుట్టు మగాళ్ళనే పిలిచి కొండవాలులో గొయ్యి తీయించి, బస్తాలన్నీ పూడ్పించి, పైన రెండు కాఫీ మొక్కలు కూడా నాటించారు. గొయ్యి కింద ఊట, ఊట కింద ఊరు. వాలు ఎటుంటే నీరు అటే పోతుందని వ్యవసాయ కాలేజీలో చెప్పే ఉంటారు. ఆ రోజు సర్వేశ్వరరావు గారు సినిమాకి వెళ్ళి ఉంటారు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఊట దగ్గరికి వెళితే ముక్కు మండడం మొదలైంది. కోళ్ళు చచ్చాయి. చూలు మేకలు నెలలు నిండకుండానే ఈచుకుపోయాయి. రాళ్ళ సందుల్లో ఎప్పుడూ కనబడే పీతలు కనబడడం మానేశాయి. ఆడవాళ్ళు అవతలి కొండ దిగి గెడ్డ నుంచి నీళ్ళు మోసుకోవడం మొదలుపెట్టారు. ఊరిపెద్దైన నాయుడు సుక్రు కోడలు నిండు గర్భిణి. నీళ్ళకుండతో ఆ దారిలోనే జారిపడి బిడ్డని పోగొట్టుకుంది. ఈ కథలో నవ్వడానికి చాలా ఉంది గానీ, ఈ ఒక్కచోట నవ్వితే మనుషులం కాము.

కబురు ఎలాగో విశాఖ దాకా చేరింది. అక్కడి పెద్దాఫీసరు సర్వేశ్వరరావుని పిలిచి మెత్తగా చెప్పాడు. "ఊట శుభ్రం చేయించండి. నేనొచ్చేసరికి ఊరివాళ్ళు ఆ నీళ్ళు తాగుతూ కనబడాలి. కనబడితే మీరడిగిన అనకాపల్లి బదిలీ మీది. లేదంటే ఇంకా పై ఏజెన్సీకి."

అనకాపల్లి! సొంత ఇల్లు, చదునైన నేల, మోకాళ్ళున్న సంగతే గుర్తుకురాని ఊరు. సర్వేశ్వరరావు గారి కళ్ళ ముందు బెల్లం దిమ్మలు కదలాడాయి. మర్నాడే జీపెక్కి కొర్రపుట్టు వచ్చి దర్యాప్తు మొదలుపెట్టారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు కొండ వైపు చూసినా ఆయన ఊరి వైపు చెయ్యి చూపించారు. "గిన్నెలు ఇక్కడే తోముతారు, గుడ్డలు ఇక్కడే ఉతుకుతారు. ఇదంతా మీ మురికే."

సుక్రు పెళ్ళాం అచ్చియమ్మ ముందుకొచ్చింది. నెరిసిన జుట్టు, నోటి మూల చుట్ట. "మా తాతల నాటి నుండీ తోముతన్నాం బాబూ. అప్పుడు పీతలు బాగానే బతికినాయి. ఆ పైన గొయ్యి తవ్వించినావు కదా, మా ముసిలోడే తవ్వినాడు."

"ఏ గొయ్యి?" అన్నారు సర్వేశ్వరరావు గారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూస్తే చంటిపిల్లాడు కూడా జాలిపడి పాలసీసా అందించేవాడు.

శుభ్రం చేసే పని పదిరోజులు నడిచింది. గొయ్యి జోలికి ఎవరూ పోలేదు. ఊట చుట్టూ సిమెంటు గట్టు కట్టారు. దానికి సున్నం కొట్టారు. నీళ్ళలో బ్లీచింగు పౌడరు గుమ్మరించారు. కంపుకి ఇంకో కంపు తోడైంది. ఇంగ్లీషులో, తెలుగులో "శుభ్రమైన త్రాగునీరు" అని రాసిన రేకు బోర్డు పాతారు. ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు లేరు కాబట్టి బోర్డుని ఎవరూ నమ్మలేదు, నమ్మకపోనూ లేదు.

"బోర్డు మాకెందుకు బాబూ?" అంది అచ్చియమ్మ. "పీత బతికిందే గంగమ్మ నీరు. అది బతికితే మేమూ తాగుతాం. నేపోతే నేదు."

ఇదేం పెద్ద పని అనుకున్నారు సర్వేశ్వరరావు గారు. పీతలే కదా కావలసింది? డ్రైవరు కొండబాబుని విశాఖ పంపించారు. కొండబాబు మేలైనవి ఏరి, కిరండూలు పాసింజరు రైల్లో గంప ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. సముద్రపు పీతలు, ఒక్కొక్కటీ అరచేతి వెడల్పు, కూరకైతే అద్భుతం. వాటిని ఊటలో వదులుతూ ఆఫీసరూ డ్రైవరూ ఒకరి తెలివికి ఒకరు మురిసిపోయారు. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు. ఉప్పునీళ్ళలో పుట్టి, కొండెక్కి, బ్లీచింగులో గమాక్సిన్ కలిపి తాగవలసిన పీత కష్టం ఆ సీతమ్మకి కూడా వచ్చి ఉండదు. మధ్యాహ్నానికి అన్నీ వెల్లకిలా పడ్డాయి.

"నిద్రపోతున్నాయి," అన్నారు సర్వేశ్వరరావు గారు.

"మా కోళ్ళు కూడా అలాగే నిద్దరోయినాయి బాబూ," అంది అచ్చియమ్మ.

ఇక బదిలీ గల్లంతే అని ఆయన ఆ పూట అన్నం తినలేకపోయారు. కానీ అదృష్టం అధికారుల పక్షాన ఉంటుంది. పెద్దాఫీసరు భార్యాపిల్లలతో వచ్చాడు. పొద్దున బొర్రా గుహలు చూశాడు, మధ్యాహ్నం కోడి పలావు తిన్నాడు, సాయంత్రం రోడ్డు మీద జీపు ఆపించి దూరం నుంచే తెల్లటి గట్టు చూశాడు. "తాగుతున్నారా?" అన్నాడు. "కడుపునిండా," అన్నారు సర్వేశ్వరరావు గారు. బదిలీ వచ్చేసింది.

అంతటితో ఊరుకుంటే కథ లేదు. కానీ గట్టు కట్టగా సిమెంటు బస్తాలు కొన్ని మిగిలాయి. అనకాపల్లి ఇంటికి వంటగది అరుగు కట్టించాలని భార్య అన్నపూర్ణ ఎన్నాళ్ళుగానో అంటోంది. ఆ బస్తాల కోసం ఆయన ఆఖరిసారి కొర్రపుట్టు వచ్చారు.

ఆ రోజులు ఇటుకల పండుగ రోజులు. చైత్రంలో ఆ కొండల మీద మగాళ్ళందరూ వేటకి పోతారు. జంతువుతో తిరిగొచ్చినవాడు రాజు. వట్టి చేతులతో వచ్చినవాడికి ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్నానం చేయించి, పాటలు కట్టి ఏడిపిస్తారు. దారిలో దుంగ అడ్డం వేసి పోయే బండినల్లా ఆపి చిల్లర కూడా పుచ్చుకుంటారు. సిమెంటు ఎక్కించుకుని తిరిగి వస్తూంటే జీపుకి దుంగ అడ్డం వచ్చింది. సర్వేశ్వరరావు గారు నవ్వుతూ రెండు రూపాయలు తీశారు.

అచ్చియమ్మ ఆ డబ్బు వైపు చూడలేదు. "వేట నుండి వస్తన్నావు కదా బాబూ. ఏటి తెచ్చినావు?"

"వేటేమిటి?"

"మా ఊటకి పట్టిన రోగాన్ని ఇన్నాళ్ళు ఏటాడినావు కదా. ఏటి పట్టినావో సూపించు."

వెనక ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలు ఎత్తారు. సుక్రు కోడలు కూడా వాళ్ళలో ఉంది. మొదటి కుండ ఆవిడదే. అది నేరుగా సర్వేశ్వరరావు గారి టెర్లిన్ చొక్కా మీద పడింది. రెండోది అద్దం మీద. ఇక పాట ఎత్తుకున్నారు. పాటలో మోకాళ్ళు వచ్చాయి, నిద్రపోయిన పీతలు వచ్చాయి. కొండబాబుకి నవ్వు ఆగక స్టీరింగు మీద తల పెట్టేసుకున్నాడు.

అప్పుడే డప్పులతో మగాళ్ళు కొండ దిగారు. అడవంతా కాఫీ తోటలైపోయాక పంది ఎక్కడిది? అయినా వాళ్ళు వట్టి చేతులతో రాలేదు. పందిని కట్టినట్టే కర్రలకి వేలాడదీసి, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల్లో చుట్టి, గోతిలోని బస్తాలు మోసుకొచ్చారు. వాటితోపాటు కంపుపట్టిన మన్ను కూడా తట్టలకెత్తి తెచ్చారు. సుక్రు జీపులోంచి సిమెంటు దింపించి, ఆ జాగాలో తన వేటని ఎక్కించాడు.

"నువ్వు పూడ్సిన జంతువు బాబూ," అన్నాడు మర్యాదగా, "నువ్వే పట్టుకెళ్ళాల. మిగిలిన మన్ను రేపు తవ్వి పెడతాం. జీపు అంపించు."

దుంగ తీశారు. రాజుని సాగనంపినట్టు డప్పులు కొట్టి సాగనంపారు.

ఆఫీసు క్వార్టర్సు చేరేసరికి అన్నపూర్ణ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏమిటండీ ఈ కంపు? సిమెంటేదీ?"

"ముందు ఇవి దింపించాలి. పెరట్లో గొయ్యి తీయిస్తాను."

"పెరట్లో నుయ్యి ఉంది కదండీ!"

"అయితే ముందు వైపు."

"ఆ పక్కనే కదా గెడ్డ పోతుంది? పాలవాడు దాన్లోనే గేదెల్ని కడుగుతాడు."

సర్వేశ్వరరావు గారు విసుక్కున్నారు. "పైన కొండ మీద ఎక్కడో పూడ్పిస్తానే!"

అన్నపూర్ణ కొండ వైపు చూసింది, తర్వాత తన నూతి వైపు చూసింది. "పైన పూడిస్తే కిందకి రాదా అండీ?"

ఆయన ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి నేల ఎటు వాలిందో తలతిప్పి చూశారు. ఎటు చూసినా ఎవరిదో ఒకరి నీరు కనబడింది. చూలుమేకలూ, నీళ్ళకుండతో జారిన ఆ పిల్లా గుర్తొచ్చి ఆయనకి నిజంగానే సిగ్గేసింది. ఆ సిగ్గుని దింపడానికి కూడా జాగా లేదు.

జీపు అప్పగిస్తేగాని కొత్త అధికారి చార్జి తీసుకోడు. ఖాళీ చేస్తేగాని జీపు అప్పగించడానికి వీల్లేదు. ఎక్కడ దింపమంటారని విశాఖకి రాస్తే "తగిన స్థలంలో" అని జవాబొచ్చింది. అనకాపల్లిలో వంటగది అరుగు సంగతి దేవుడెరుగు. జీపు మాత్రం ఆరుబయట, పేడ ఎండిన అద్దంతో, ఆకులు కప్పుకుని నిలబడి ఉంది. వారం వారం సంతకి దిగే కొర్రపుట్టు ఆడవాళ్ళు దాని ముందు ఆగి, వరండాలో కూర్చున్న ఆయన్ని ఎంతో ఆప్యాయంగా పలకరిస్తారు.

"వేట ఇంకా కొయ్యనేదేటి బాబూ?"