మూడు మానికల తవుడు

పొద్దున్న ఆరింటికి సత్యనారాయణ మంచం పక్కన నిలబడి, "హేమా, లే అమ్మా, ట్యూషనుకి టైమైపోతోంది" అన్నాడు. పిల్ల కదల్లేదు. కదలదని ఆయనకి తెలుసు. పక్కింటి వైపు కిటికీ దగ్గరికెళ్ళి, "వదినా, కాస్త లేపు" అన్నాడు.

పెరట్లో చేపలు తోముతున్న అన్నపూర్ణ చేతులైనా కడుక్కోకుండా కేకేసింది. "తవిటీ, లెమ్మంటున్నాడే మీ నాన్న. టైమైపోతోందంట!"

హేమశ్రీ దుప్పటి తన్ని లేచింది.

ఫరంపేటలో దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. అమ్మేసిన పిల్లకి కన్నవాళ్ళ మాట వినపడదు. చిన్నప్పుడు ఒకసారి కాకినాడ తీసుకెళ్తే, డాక్టరు చెవులు బాగానే ఉన్నాయని చెప్పి, ఎవరికి అమ్మారో అడిగి చీటీ మీద రాసుకుని పంపేశాడు. చదువొచ్చాక కాగితం మీద రాసిచ్చినా సరిపోయేది. కానీ ఇంట్లో మాటలన్నీ రాసుకుంటూ ఎవరు కూర్చుంటారు? అన్నపూర్ణ ఉందిగా.

హేమశ్రీకి ముందు ఇద్దరు పుట్టి, ఇరవయ్యొకటో రోజు చూడకుండానే పోయారు. మూడో కాన్పు నాటికి సత్యనారాయణ పటాలంతో లద్దాఖ్‌లో ఉన్నాడు. ఆయన తల్లి పసిగుడ్డుని చేటలో పెట్టి, పిల్లల్లేని అన్నపూర్ణకి మూడు మానికల తవుడుకి అమ్మేసింది. తవిటమ్మ అని పిలిచింది. "ఇది ఇక నీ పిల్ల కాదు. ఎక్కడా నాదని చెప్పకు" అని కొడుక్కి ఉత్తరం రాయించింది. ఐదేళ్ళు నిండాక తవుడు తిరిగిచ్చి పిల్లని తెచ్చుకోవాలి. ఈలోపు ఆ ముసలావిడే పోయింది. తర్వాత ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వినపడకపోతే ఏం, బతికుంది కదా అనుకున్నారు.

ఇంకొకరైతే ఊళ్ళో మాట ఊళ్ళో వదిలేసి, పటాలంలో పిల్ల పేరు రాయించేసేవాళ్ళు. సత్యనారాయణ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, పిల్లలెంతమందని గుమాస్తా అడిగిన ప్రతిసారీ లేరనే చెప్పాడు. రిటైరయ్యేదాకా ఏటా ఆ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడు హేమశ్రీకి పుదుచ్చేరిలో నర్సింగు సీటు వచ్చేలా ఉంది, మాజీ సైనికుల పిల్లల కోటాలో. కౌన్సెలింగు గురువారం. తండ్రి సర్వీసు రికార్డులో కూతురి పేరుంటేనే సీటు. రికార్డు దిద్దమని ఆయన పెట్టుకున్న అర్జీకి, స్థానికంగా విచారణ చేయించి ఈ రోజు సాయంత్రం ఐదులోపు నివేదిక పంపించమని జవాబొచ్చింది.

పదింటికి సైనిక సంక్షేమ కార్యాలయంలో విచారణ అధికారి శివకుమార్ కాగితాలన్నీ ముందు పరుచుకున్నాడు.

"మీ రికార్డులో పిల్లలు లేరు. తొమ్మిదేళ్ళు వరసగా మీరే సంతకం పెట్టారు. ఆస్పత్రి సర్టిఫికెట్టులో మీకు కూతురు పుట్టింది. ఏది నిజమండీ?"

"రెండూ నిజమేనండి."

శివకుమార్ పెన్ను కింద పెట్టాడు. "అమ్మేశారా?"

"ఆయ్. మా అమ్మ అమ్మేసింది."

"ఎంతకి?"

"మూడు మానికల తవుడుకండి."

"తిరిగిచ్చారా మరి?"

"లేదండి."

"అమ్మకం రద్దు కాకుండా మీ కూతురని నేనెలా రాస్తానండీ హవల్దారుగారూ? రేపు ఎవరైనా అడిగితే?" శివకుమార్ గొంతు తగ్గించాడు. "ఓ పని చేయండి. పిల్ల పుట్టిన సంగతి రాయించడం మర్చిపోయానని ఒక్క ముక్క రాసిచ్చేయండి. నేనూ అదే రాసి పంపేస్తాను. గొడవొదిలిపోద్ది."

శివకుమార్ ముందుకు జరిపిన తెల్లకాగితాన్ని సత్యనారాయణ వెనక్కి తోశాడు. "మర్చిపోలేదండి," అన్నాడు. "కూతుర్ని మర్చిపోయానని ఎలా రాస్తానండి?"

శివకుమార్ నిట్టూర్చాడు. "అయితే నాలుగింటికల్లా తవుడిచ్చేసి, పిల్లనీ, కొన్నావిడనీ తీసుకురండి. నా ఎదురుగా మీరు పిలవాలి. తిరిగిందా, రాసేస్తాను. తిరగలేదా, నా చేతుల్లో ఏం లేదు."

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే భార్య రామతులసి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"వద్దు. సీటు ఈ ఏడు పోతే వచ్చే ఏడొస్తది. పిల్ల పోతే?"

"పదిహేడేళ్ళ పిల్ల, తులసీ."

"వాళ్ళిద్దర్నీ ఈ చేతుల్తో ఇచ్చాను మట్టికి. మీరు లేరు అప్పుడు. ఎప్పుడున్నారు గనక?"

అన్నపూర్ణ పెరటి తలుపు తీసుకుని వచ్చింది. వెనకే హేమశ్రీ. అమ్మానాన్నల పెదాలు కదలడం ఆ పిల్ల చూస్తోంది.

"వదినా, దానికి అంతా ఉన్నదున్నట్టు చెప్పు. ముందు ఇద్దరు పోయారని చెప్పు. నాకు భయంగా ఉందని చెప్పు. వద్దంటే మానేద్దామని చెప్పు."

అన్నపూర్ణ పిల్ల వైపు తిరిగింది. "మీ నాన్న ఏం పర్లేదంటున్నాడే. ధైర్యంగా ఉండమంటున్నాడు."

"నేనన్నది అది కాదు వదినా!"

"నేను కొన్న పిల్ల, మరిదీ. దానికేం చెప్పాలో నాకు తెలుసు."

సత్యనారాయణ క్యాలెండరు కాగితం ఒకటి చింపి వెనకవైపు రాశాడు. *నీకు ముందు ఇద్దరు పోయారు. నిన్ను వెనక్కి తెచ్చుకుంటే ఏమవుతుందో నాకు తెలీదు. భయంగా ఉంది. నీ ఇష్టం.* రాసి పిల్ల చేతికిచ్చాడు. హేమశ్రీ రెండుసార్లు చదువుకుంది.

"నీకిష్టమేనా పెద్దమ్మా?"

"నా ఇష్టం ఎవడిక్కావాలే! ఐదేళ్ళకి ఇచ్చేయాల్సినదాన్ని. పన్నెండేళ్ళు ఎక్కువే ఉంచుకున్నాను." అన్నపూర్ణ కొంగు బిగించింది. "చేట పట్రా."

గేదె పాక నుంచి తవుడు బస్తా హేమశ్రీయే ఈడ్చుకొచ్చింది. అన్నపూర్ణ చేట పట్టుకుంది. సత్యనారాయణ మానికతో తవుడు ముంచాడు.

"లాభం," అంటూ అన్నపూర్ణ లెక్కపెట్టింది. "రెండు."

మూడో మానిక దగ్గర ఆయన చెయ్యి ఆగింది. రామతులసి లేచొచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది, నాడి దొరికేలా. మానిక చేటలో బోర్లపడింది. తవుడు లేచి అందరి మొహాల మీదా పడింది. హేమశ్రీ దగ్గింది.

"మూడు," అంది అన్నపూర్ణ.

తర్వాత ఎవరూ నోరు విప్పలేదు. మాట్లాడితే పిల్లకి వినపడుతుందేమోనని ఒక భయం, వినపడకపోతే ఇంకో భయం. క్రిస్టోఫర్ ఆటో వచ్చి హారన్ కొట్టేదాకా అలాగే నిలబడ్డారు. దారంతా హేమశ్రీ దగ్గుతూనే ఉంది. రామతులసి ఆ మణికట్టు వదల్లేదు.

శివకుమార్ గోడగడియారం చూశాడు. నాలుగుకి ఐదు నిమిషాలుంది. పిల్లని నోటీసు బోర్డు వైపు తిరిగి నిలబడమని, "ఊఁ, పిలవండి" అన్నాడు.

పరేడు గ్రౌండులో ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా అరిచిన గొంతు అది. ఇప్పుడు ఆయన మడమలు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు. అన్నపూర్ణ అలవాటు కొద్దీ నోరు తెరిచి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"హేమా," అన్నాడు సత్యనారాయణ.

ఫ్యాను చప్పుడు. పిల్ల కదల్లేదు. రామతులసి కళ్ళు మూసుకుంది.

అప్పుడు హేమశ్రీ వెనక్కి తిరిగి, తలుపు దగ్గరున్న బంట్రోతుని చూసింది. తర్వాత శివకుమార్‌ని చూసింది.

"ఎవరండీ పిలిచింది?"

సత్యనారాయణ చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లాడిలాగ. హేమశ్రీ ఆయన్ని కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

శివకుమార్ రాసుకుంటూ పోయాడు. సంతకం చేసి, స్కాన్ చేసి పంపించి, ఫోన్ చేశాడు. "అందిందట. రేపటికి మీ రికార్డులోకి అమ్మాయి పేరు ఎక్కుతుందన్నారు. గురువారం ధైర్యంగా వెళ్ళండి."

బయటికొచ్చాక రామతులసి అడిగింది. "దగ్గు తగ్గిందా?"

"తగ్గిందమ్మా."

రామతులసి రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. "ఏంటమ్మగోరూ, పాసయ్యారా లేదా?" అని క్రిస్టోఫర్ కంగారుపడ్డాడు.

తిరుగు దారిలో హేమశ్రీ తండ్రి పక్కన కూర్చుంది. ఆయన ఏమన్నా చెవి ఒగ్గి వింటోంది. ఏదో కొత్త ఊరి భాష వింటున్నట్టు.

"నాన్నా, నువ్వు లద్దాఖ్ నుంచి ఫోన్ చేస్తే నాకు గాలి హోరే వినపడేది. నువ్వేమన్నావో పెద్దమ్మ చెప్పేది."

"ఊఁ."

"పొద్దున్నే కొండ మీద ఎండ పడగానే నా పేరు పెట్టి పిలిచేవాడివట. నా పాత గౌను పెట్టెలో దాచుకున్నావట. మంచు పడ్డ రోజు దాన్ని మెడకి చుట్టుకుని పడుకునేవాడివట. అవన్నీ నువ్వన్నవేనా?"

లైను దొరికితే రెండు నిమిషాలు. వెనక పదిమంది. తిన్నావా, బడికెళ్ళావా, అమ్మ మాట విను. అంతకు మించి ఏ రోజూ ఆయనకి మాటలు వచ్చేవి కావు. గౌను సంగతి ఆయన వినడం ఇదే మొదటిసారి.

డ్రైవరు పక్కన కూర్చున్న అన్నపూర్ణ వెనక్కి తిరగలేదు. గోదారి వైపు చూస్తోంది.

"చెప్పు నాన్నా."

"అన్నానమ్మా," అన్నాడు సత్యనారాయణ. "అన్నీ నేనే అన్నాను."