కదలకుండా కూర్చోండి

దుప్పటి అంచులు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించగానే ఎర్ర ఇసుక జలజలా నేల మీద రాలింది. ఎర్లీన్ నకాయ్ పళ్లు కొరుక్కుంటూ చీపురు అందుకుంది. పొద్దంతా ఎర్రకొండల్లో తిరిగొచ్చి, కాళ్లయినా దులుపుకోకుండా తెల్ల దుప్పట్లలో దూరే జనం. వాళ్లు వదిలిపోయిన ఇసుక ఊడవడంలోనే ఆమె నడివయసు గడిచిపోయి, ముసలితనం వచ్చేసింది.

ఆ లాడ్జిలో గదుల్ని గదులనరు, గుడారాలంటారు. సిమెంటుతో పోతపోసిన గుడారాలు. మొనదేలిన కప్పు, తెల్లరంగు మీద ఎర్రటి మెరుపు గీతలు, లోపల ఏసీ, టీవీ. గుడారాల్లో బతికిన తెగలు ఎక్కడో ఉత్తరాన గడ్డిమైదానాల్లో ఉండేవి. ఈ ఎడారిలో ఉండే మా నవాహో తెగవాళ్లవి మట్టి ఇళ్లు. గుండ్రంగా ఉంటాయి, వాకిలి తూర్పుకి. ఆ సంగతి ఈ లాడ్జి కట్టిన ముసలి హోల్కమ్‌కి తెలుసు, ఇప్పుడు దాన్ని నడుపుతున్న మనవడు హోల్కమ్‌కీ తెలుసు. కానీ దారిన పోయేవాళ్లు కారు ఆపేది గుడారం చూస్తేనే.

ఎర్లీన్ పొట్టి మనిషి. వెడల్పు భుజాలు, బరువైన నడక. జుట్టు వెనక్కి దువ్వి, మడిచి, తెల్ల ఊలుదారం చుట్టి ముడి వేసుకుంటుంది. బ్లీచింగ్ నీళ్లలో నానీ నానీ వేళ్ల కొసలు పాలిపోయి పగిలాయి. స్నానాలగది నేల తుడవడానికి కూర్చుంటే మోకాళ్లు టకటకమంటాయి. లేచేటప్పుడు తొట్టి అంచు పట్టుకుని ఎవర్నో ఒకర్ని తిట్టుకుంటూ లేస్తుంది. ఎవర్ని తిడుతోందని అడిగితే ఆమే చెప్పలేదు. కోపం ఆమెకి కొత్త కాదు. మనిషి గొంతుని బట్టి ఎవరో ఎలా పోల్చుకుంటామో, కోపాన్ని బట్టి ఎర్లీన్‌ని అలా పోల్చుకోవచ్చు.

ఆమెతోబాటు పనిచేసే షాండీన్‌కి ఇరవై ఏళ్లు. తెగ వరసలు లెక్కేస్తే ఆ పిల్ల ఎర్లీన్‌కి పిన్ని అవుతుంది. అందుకని షాండీన్ ఆమెని "అమ్మాయీ" అని పిలుస్తుంది.

"అమ్మాయీ, పొద్దున్నే ఎవరి మీద విరుచుకుపడుతున్నావు?" అంది షాండీన్, తువ్వాళ్ల బండి తోసుకుంటూ వచ్చి.

"ఇంకెవరి మీద పిన్నీ, మా తమ్ముడి మీద."

తమ్ముడు చెస్టర్‌ని రోజూ లాడ్జికి వస్తూ వస్తూ తన పాత ట్రక్కులో తీసుకొచ్చి, రోడ్డు కొండెక్కే మలుపు దగ్గర దింపుతుంది. అక్కడ జునిపర్ చెట్ల కొమ్మలతో వేసుకున్న పందిరి కింద కూర్చుని అతను ఎండిన జునిపర్ గింజల దండలు అమ్ముతాడు. లోయ చూడ్డానికి ఆగినవాళ్లు అతని కుడికాలు చూసి, ఏమైందని అడుగుతారు. పాదం చీలమండ దగ్గర లోపలికి తిరిగిపోయి ఉంటుంది. అతను నడిస్తే పాదం పక్కభాగం నేలకి ఆనుతుంది. చెస్టర్ ఒకరికి ఎలుగుబంటి కరిచిందని చెబుతాడు, ఇంకొకరికి వియత్నాం యుద్ధమంటాడు, చిన్నపిల్లలుంటే మచ్చల గుర్రం తొక్కిందంటాడు. ఆ రోజు పొద్దున ట్రక్కులో గొడవ దాని గురించే.

"కారు ఎక్కిందని చెప్పడానికి నోరు రాదా నీకు?" అంది ఎర్లీన్.

"ఒకసారి చెప్పి చూశానక్కా. ఆ తల్లి ఏడ్చేసింది. ఏడ్చి, దండ కొనకుండా పోయింది. ఎలుగుబంటి అంటే రెండేసి కొంటారు."

అతను నవ్వాడు. చెస్టర్ దేనికైనా నవ్వుతాడు. రెండు రోజుల్నించి ఎడమచెయ్యి లాగుతోందని చెబుతూ కూడా నవ్వాడు. ఆస్పత్రికి పోదామంటే, మంచి గిరాకీ రోజుల్లో ఆస్పత్రేంటి అన్నాడు. దిగి, కుంటుకుంటూ రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, సాయంత్రం తొందరగా రమ్మనీ, ఎండకి బుర్ర ఉడికిపోతోందనీ చెప్పాడు. ఉడకడానికి అందులో ఏముందని ఆమె గేరు వేసి వచ్చేసింది.

మధ్యాహ్నం ఆఖరి గుడారం తుడిచి, తాళాలు అప్పజెప్పడానికి ఆఫీసు గదిలోకి వెళ్లింది. హోల్కమ్ బల్ల వెనక గోడ మీద అంతకుముందు రోజు వరకూ క్యాలెండరు ఉండేది. ఇప్పుడు అక్కడ కిటికీ తలుపంత ఫొటో ఉంది. పాతకాలం పిక్చర్ పోస్టుకార్డుని పెద్దది చేయించి, చెక్క చట్రం బిగించారు.

ఫొటోలో హోల్కమ్‌ల పాత కొట్టు మెట్ల మీద ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. ఊదారంగు మఖ్మల్ చొక్కాలో ఆడపిల్ల, ఆకుపచ్చ చొక్కాలో మగపిల్లవాడు. వాడి నెత్తిన ఈకల కిరీటం. అదీ మాది కాదు, ఉత్తరం తెగలదే. వెనక్కి దూరంగా ఎర్రకొండ. పక్కన మగ్గం మీద నేస్తున్న ముసలామె చెయ్యి ఒక్కటి, మణికట్టు దాకా పడింది. ఇద్దరి మొహాల్లో నవ్వు లేదు. కింద బంగారు అక్షరాల్లో 'ఎడారి బిడ్డలు' అని రాసుంది. పేర్లు లేవు.

ఎర్లీన్ తన మొహం చూసుకోలేదు. పిల్లవాడి కాళ్లు చూసింది. మురికి కొట్టుకుని, దుమ్ము పట్టి, మెట్టు అంచు నుంచి వేలాడుతున్న రెండు పాదాలు. రెండూ తిన్నగా ఉన్నాయి.

చెస్టర్ పాదాలు తిన్నగా ఉండగా ఎలా ఉండేవో ఆమె మర్చిపోయింది. ఆ కార్డులు ఆ కొట్లోనే కట్టలు కట్టలు అమ్ముడుపోయాయి. వాళ్లింటికి ఒక్కటీ రాలేదు.

ఆ ఎండాకాలాలు గుర్తొచ్చాయి. ముందు భాగానికి నీళ్ల సంచులు వేలాడదీసుకుని పొడుగాటి కార్లు వచ్చేవి. తలుపు తీస్తే లోపలినుంచి నారింజతొక్కల వాసన, తోలు వాసన. ఇంతింత పిల్లలు దిగి, కొట్టు పక్కన వాళ్ల కోసమే పెట్టిన పాముల గొయ్యి చూడ్డానికి పరిగెత్తేవాళ్లు. అమ్మమ్మ వసారాలో నేస్తూ ఉండేది. ఎర్లీన్‌నీ చెస్టర్‌నీ మెట్ల మీద కూర్చోబెట్టి, పిలిచేదాకా లేవద్దని చెప్పేవాడు ముసలి హోల్కమ్. మఖ్మల్ లోపల చెమటకి ఒళ్లంతా పేలేది. కదలకుండా కూర్చోండి అనేవాళ్లు కెమెరాల వాళ్లు. నవ్వొద్దు అనేవాళ్లు. చెస్టర్‌కి అప్పట్నించీ నవ్వు ఆగేది కాదు. పెదాలు కొరుక్కుని, ఎర్లీన్ తొడ మీద గిల్లేవాడు.

ఒకరోజు ఒకాయన కారులోంచే ఫొటో తీద్దామనుకున్నాడు. కొండ శిఖరం చట్రంలో పట్టలేదు. పట్టించడానికి కారుని కాస్త పక్కకి తిప్పి వెనక్కి నడిపాడు. చెస్టర్ మెట్టు దిగి వెనక చక్రం దగ్గర ఏదో ఏరుకుంటున్నాడు. చిన్న చప్పుడొకటి వచ్చింది, ఎండిన పుల్ల తొక్కినట్టు. తర్వాత వాడు కేక వేశాడు.

కొంతసేపటికి ఆ కారు వెళ్లిపోయింది. చెస్టర్ చేతిలో ఎవరో పిప్పర్మెంటు బిళ్లలు పెట్టారు. ముసలి హోల్కమ్ కట్టు కట్టడానికి గుడ్డ పీలికలు ఇచ్చి, పిల్లల్ని కార్ల దగ్గరికి పోనివ్వద్దని అమ్మమ్మనే మందలించాడు. పాదం దానంతటదే అతుక్కుంది, వంకరగా.

"ఎంత బాగుందో చూశారా?" అన్నాడు వెనకనించి ఎవరో.

నాలుగో గుడారంలో దిగిన పెద్దాయన. దూరాన ఒహాయో రాష్ట్రం నుంచి వచ్చాడు, తోడుగా భార్య. ఈ లాడ్జికి వచ్చేవాళ్లలో సగంమంది ఇలాంటివాళ్లే. చిన్నప్పుడు అమ్మానాన్నలతో కారులో ఈ ఎడారి దాటినవాళ్లు, మళ్లీ ఒకసారి చూసుకోవడానికి వస్తారు. అదే కార్డు తను కొట్లో కొనుక్కున్నాననీ, కాలేజీకి వెళ్లేదాకా మంచం పక్కన గోడకి ఉండేదనీ, తన చిన్నతనమంతా ఆ ఫొటోలో ఉందనీ ఆయన చెప్పాడు. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లలెవరో ఏమైనా తెలుసా అని అడిగాడు.

"ఆ పిల్ల నేనే. పక్కన మా తమ్ముడు," అంది ఎర్లీన్.

ఆ తర్వాత ఆ గదిలో ఆమె తప్ప అందరూ సంతోషపడ్డారు. పెద్దాయన రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. హోల్కమ్ లేచి నిలబడి, ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. అక్కడికక్కడే అతనికో ఆలోచన తట్టింది. రేపట్నించి గదులు తుడవక్కర్లేదనీ, మఖ్మల్ చొక్కా వేసుకుని ఈ ఫొటో కింద కూర్చుంటే చాలనీ, మగ్గం కూడా తెప్పిస్తాననీ అన్నాడు. పెద్దాయన అప్పటికే కెమెరా తీశాడు.

"ఇలా దీని కింద నిలబడండి. కాస్త నవ్వండి."

"అప్పుడు నవ్వొద్దన్నారు," అంది ఎర్లీన్.

ఆయనకి అర్థం కాలేదు. ఆమె గొంతు పెంచలేదు. "వీడి కాళ్లు చూశారా? ఆ ఎండాకాలమే ఒకాయన కారు వెనక్కొచ్చి ఎక్కింది. కొండ ఫొటోలో పట్టలేదని వెనక్కొచ్చాడు."

పెద్దాయన కెమెరా దించాడు. వెనక సోఫాలో ఆయన భార్య మెల్లిగా కూర్చుంది. ఆయనే అడిగాడు, ఆ కారువాళ్లు ఏంచేశారని.

"ఏంచేస్తారు? వీళ్ల తాత వాళ్ల నీళ్లసంచి నింపి, చీకటి పడేలోపు ఊరు చేరుకోండని చెప్పి పంపించాడు."

"ఎర్లీన్, ఆ సంగతి నాకు తెలీదు. నేను అప్పటికి పుట్టనేలేదు," అన్నాడు హోల్కమ్.

"నీకు తెలీదు. ఫొటో మాత్రం దొరికింది."

ఆమె బల్ల వెనక్కి వెళ్లింది. హోల్కమ్ అడ్డం రాలేదు. చట్రం రెండు చేతులా పట్టుకుని మేకు మీంచి ఎత్తింది. అది తనదనీ, చాలా ఖర్చయిందనీ హోల్కమ్ గొణిగాడు కానీ, పెద్దాయన ముందు గట్టిగా అనలేకపోయాడు. షాండీన్ ఎప్పుడొచ్చిందో, తలుపు తెరిచి పట్టుకుని ఉంది.

"నడు అమ్మాయీ," అంది మెల్లిగా. తాళాల గుత్తి ఎర్లీన్ నడుం నుంచి తీసి బల్ల మీద తనే పెట్టింది.

ట్రక్కు కొండెక్కుతున్నంతసేపూ ఎర్లీన్ తనలో తను మాట్లాడుకుంటూనే ఉంది. హోల్కమ్‌కి ఇంకా చెప్పాల్సిన మాటలు ఇప్పుడు తోచాయి. ఒహాయో ఆయన కన్నీళ్ల మీద మండిపోయింది. ఆయనది చిన్నతనమట. తన తమ్ముడి పాదం మాత్రం ఆయన మంచం పక్కన గోడకి అలంకారం. ఇవన్నీ చెస్టర్‌కి చెప్పాలి. వాడు ఈసారైనా నవ్వకుండా వినాలి. తన కాళ్లు తను చూసుకోవాలి.

చెస్టర్ పందిరి కింద మడతకుర్చీలో ఉన్నాడు. టోపీ మొహం మీదికి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆమె ఫొటో దింపి, పందిరి గుంజకి ఆనించి, అతనికి ఎదురుగా నిలబెట్టింది.

"లే. చూడు దీన్ని. ఇన్నేళ్లూ మనకి చూపించకుండా దాచారు చూడు. నీ కాళ్లు ఎలా ఉండేవో చూడు. ఇంక ఎలుగుబంటి కథ చెప్పావంటే నేనే కరుస్తా."

అతను లేవలేదు. ఆమె ఇంకో రెండు తిట్లు తిట్టింది. ఎండ పందిరి సందుల్లోంచి అతని మణికట్టు మీద పడుతోంది, దాని మీద ఈగ ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. చెయ్యి కదల్లేదు. ఎర్లీన్ టోపీ ఎత్తింది. పెదాలు కొంచెం విడివడి ఉన్నాయి, నవ్వు మొదలుపెట్టబోయినట్టు.

ఆ క్షణంలో కూడా ఆమెకి ముందు వచ్చింది కోపమే. వాడి మీదే వచ్చింది. "ఒక్క పూట ఆగలేకపోయావా," అంది. అని, అతని ముందు నేల మీద కూలబడి, వంకర పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది, ఎండకో, దేనికో. ఆ తర్వాత అతని పేరు ఆమె నోట రాలేదు. పోయినవాళ్లని మేము పేరు పెట్టి పిలవం.

షాండీన్‌కి ఫోన్ చేసింది. ఆ పిల్ల పోలీసులకి చెప్పి, తనూ బయల్దేరానంది.

ఈలోగా ఒక కారు వచ్చి ఆగింది. పడుచు జంట. అద్దం దించి ఆ అమ్మాయి పందిరివైపు చూసి ముచ్చటపడింది. టోపీ, ముడతల మొహం, గింజల దండలు, వెనక ఎర్రకొండ.

"ఆయన నిద్రపోతున్నారా? లేపకండి. ఇలాగే ఒక్కటి తీసుకుంటాం."

ఎర్లీన్ లేచింది. ఈసారి లేవడానికి ఆసరాగా ఏమీ లేదు. తమ్ముడికీ ఆ కారుకీ మధ్య నిలబడి, స్కర్టు రెండు పక్కలా పట్టుకుని, తన వెడల్పంతా అడ్డం పెట్టింది.

"వెళ్లండి."

"మేమేమీ..."

"వెళ్లండి ఇక్కణ్ణించి."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. కారు కదిలింది. మలుపు తిరిగేదాకా ఎర్లీన్ అడ్డం తప్పుకోలేదు.

పోలీసు బండీ షాండీన్ ట్రక్కూ వచ్చేసరికి ఎర్లీన్ టైరు విప్పే ఇనుపకడ్డీతో చట్రం ఊడదీస్తోంది. మేకులు కిర్రుమంటూ వచ్చాయి. ఫొటోని చుట్ట చుట్టి, నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి దానితో బిగించి, తమ్ముడి చొక్కా లోపల చంకకింద పెట్టింది. గుండీలు కిందినుంచి పైదాకా తనే పెట్టింది.

"ఇది వాడితోనే పోవాలి," అంది పోలీసతనితో. అతను మావాడే, తలూపాడు. "ఇంక దీన్నెవరూ చూడక్కర్లేదు."

అతన్ని తీసుకెళ్లారు. షాండీన్ ఆమెని తన ట్రక్కు ఎక్కించింది. పోయినవాళ్ల వస్తువులు ముట్టుకోం కనక అక్కడివి అక్కడే వదిలేశారు. కొండనీడ రోడ్డు దాటి వచ్చింది. గాలికి పందిరి గుంజకి కట్టిన దండలు ఒకదానికొకటి తగులుతున్నాయి. కుర్చీ పక్కన నేల మీద పీచ్ పళ్ల డబ్బా ఒకటి ఉంది. సగం తిని, మిగతా సగంలో ఇసుక పడకుండా రేకు మూత తిరిగి నొక్కి, దాని మీద కడిగిన చెంచా బోర్లించి పెట్టి ఉంది.