హిమానీనదం చప్పుడు

ముప్పై రెండేళ్ళు బడిలో భూగోళం చెప్పాను. అంటే, నేను కదలకుండా కూర్చుని పిల్లల్ని మాత్రం ప్రపంచమంతా తిప్పాను. సుద్దముక్కలు అరిగాయి, గోడ పటం మడతల దగ్గర చిరిగింది, నా నోరు మాత్రం అరగలేదు. ఈ చివరి మాట నాది కాదు, మా ఆయనది. ఆయన దర్జీ. అందరి బట్టలూ కత్తిరించినట్టే నా మాటలూ కత్తిరిస్తుంటారు.

రిటైరైన మూడో నెలలో ఒక పొద్దున్న, "నార్వే వెళ్దామండీ" అన్నాను. ఎందుకని అడగలేదు. టేపు తీసి నా భుజాలు కొలిచారు. "అక్కడ చలి. రెండు కోట్లు కావాలి, లైనింగ్ మందంగా వెయ్యాలి" అన్నారు. మా ఆయన "సరే" అనడం అలాగే ఉంటుంది.

నాకు నార్వేలో కావలసింది ఒక్కటే. హిమానీనదం. కొండల మీంచి రోజుకు జానెడో మూరెడో కదిలే మంచునది. దాని వెనక ఒక సంగతి ఉంది. అది మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో ఆ పాఠం చెబుతున్నాను. మూడో బెంచీలో ఒకడుండేవాడు, ప్రశ్నల పుట్ట. తరగతంతా వాణ్ణి సందేహాలరావు అని పిలిచేది. వాడు లేచి, "నది అంటున్నారు కదా టీచర్, మరి చప్పుడు వస్తుందా?" అన్నాడు. పుస్తకంలో ఆ ముక్క లేదు. "వస్తుంది" అన్నాను. "మీరు విన్నారా?" అన్నాడు. నలభై జతల కళ్ళు నా మీదే. "విన్నాను. నార్వే వెళ్ళినప్పుడు. మంచు మీద చెవి ఆనించి విన్నాను. లోపల ఎవరో పాత తలుపు తీస్తున్నట్టు ఉంటుంది" అన్నాను.

నోరు జారి అన్నది కాదు, తెలిసే అన్నాను. ఆ రోజు ఒక్క పిల్లాడూ కిటికీలోంచి బయటికి చూడలేదు. నాకు గర్వం వేసింది. ఇంటికొచ్చాక సిగ్గేసింది. అప్పటి నుంచి ఆ పాఠం వచ్చినప్పుడల్లా చకచకా చదివేసి పేజీ తిప్పేసేదాన్ని. ఆ చప్పుడేదో నిజంగా వినేస్తే నా అబద్ధం నిజమైపోతుందని నా ఆశ.

బస్టాపు ఎదురుగా మేడ మీద ట్రావెల్స్ ఆఫీసు ఉంది. మెట్లెక్కి ఆయాసపడుతూ లోపలికి వెళ్ళామో లేదో, బల్ల వెనక మనిషి లేచి నిలబడ్డాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, కళ్ళు మాత్రం అవే. సందేహాలరావు!

"టీచర్! మీరా! కూర్చోండి, కూర్చోండి. సార్, మీరూ కూర్చోండి. ఎక్కడికి టీచర్? నార్వేనా! మళ్ళీనా?"

ఆ "మళ్ళీ" వినగానే చేతిసంచిలో లేనిదేదో వెతకడం మొదలుపెట్టాను.

"మళ్ళీ ఏమిటి బాబూ?" అన్నారు మా ఆయన.

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. అప్పుడే చెప్పేస్తే పోయేది. పెద్దరికం అడ్డొచ్చింది.

నాలుగు రోజుల తర్వాత వాడు ప్లాన్ ప్రింటు తీసి ఇచ్చాడు. ఎనిమిది రోజులు. పడవ ఉంది, రైలు ఉంది, రెండు మ్యూజియాలు ఉన్నాయి. అటు తిప్పాను, ఇటు తిప్పాను.

"హిమానీనదం ఏదిరా?"

"తీసేశాను టీచర్! మీరు ఆల్రెడీ చూసేశారు కదా. పోనూ రానూ ఒక రోజంతా దానికే పోతుంది. దాని బదులు చేపల మార్కెట్ పెట్టాను, మీకు కొత్తగా ఉంటుంది."

ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని మండను? "మా ఆయన చూడలేదు కదా పాపం" అన్నాను, గొంతు వీలైనంత మెత్తగా పెట్టి.

"నాకెందుకు మంచు? ఫ్రిజ్ తలుపు తీస్తే కనబడుతుంది. చేపల మార్కెట్ బాగుంటుంది" అన్నారా మహానుభావుడు.

ఇంటికొచ్చి గిన్నెలన్నీ ధడధడలాడించాను. మా ఆయన కోటుకి కాజాలు తీస్తున్నవారల్లా తలెత్తి, "ఏమిటి సంగతి? నాలుగు రోజులుగా నీ మొహంలో కొలతలు తేడాగా ఉన్నాయి" అన్నారు.

మొత్తం చెప్పేశాను. ఆయన నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టి మరీ నవ్వారు.

"వెళ్ళి వాడికి చెప్పెయ్."

"ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ?"

"ఉన్న మొహమే పెట్టుకుని. వేరేది కుట్టడం నాకు చేతకాదు."

అయినా చెప్పేదాన్ని కాదేమో. మర్నాడు పొద్దున్నే వాడే ఫోన్ చేశాడు. "టీచర్, మీ పాత పాస్‌పోర్టు కావాలి. వీసా ఫారంలో ఇంతకుముందు వెళ్ళారా అన్న చోట అవును అని రాశాను. దాని నకలు జతచెయ్యాలి. ఇవాళ తెచ్చేస్తే రేపు దరఖాస్తు ఇచ్చేద్దాం."

నాకు పాత పాస్‌పోర్టా! ఉన్నదొక్కటే, ఇంకా కొత్త పుస్తకం వాసన పోలేదు. తరగతిలో ఆడిన అబద్ధం నాతో పోయేది. ఫారంలో ఎక్కితే ప్రయాణమే పోతుంది. చెప్పులేసుకున్నాను. మా ఆయన కూడా టేపు మెడలో వేసుకునే బయల్దేరారు, తీసి పెట్టడం ఎప్పుడూ మర్చిపోతారు.

మేం వెళ్ళేసరికి వాడు ఎవరో భార్యాభర్తలతో మాట్లాడుతున్నాడు. గోడ మీద నిలువెత్తు మంచునది బొమ్మ. దాని ముందు నిలబడి చేతులు తిప్పుతూ, "మంచు మీద చెవి ఆనించండి సార్! లోపల ఎవరో పాత తలుపు తీస్తున్నట్టు చప్పుడు. నేను స్వయంగా విన్నాను కదా!" అంటున్నాడు.

నా మాటే. అక్షరం పొల్లుపోలేదు.

వాళ్ళు మెట్లు దిగేదాకా ఆగాను. "నువ్వెప్పుడు విన్నావురా?"

వాడు బల్ల మీది కాయితాలు అటూ ఇటూ సర్దాడు. "వినలేదు టీచర్. చాలామందిని పంపించాను గానీ నేనెప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళానంటే వచ్చినవాళ్ళకి నమ్మకం కుదురుతుందని... మీరు చెప్పిందే నాదని చెప్పుకుంటున్నాను. తప్పే టీచర్."

అబద్ధం చెప్పడానికి సిగ్గులేదూ అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"ఫారంలో ఆ అవును కొట్టెయ్" అన్నాను.

"ఎందుకు టీచర్?"

"నేను వెళ్ళలేదురా. ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ రోజు మీ ముందు గొప్ప కోసం చెప్పాను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మూడో బెంచీలో నిలబడినట్టే నిలబడి, "మరి చప్పుడు?" అన్నాడు.

"తెలీదు."

ముప్పై రెండేళ్ళలో తరగతిలో ఒక్కసారి కూడా అనని మాట అది. అన్నా ఏమీ కాలేదు. పైకప్పు కూలిపడలేదు.

"అయినా ఇంతమందిని పంపావు కదా, తిరిగొచ్చినవాళ్ళని అడగలేదూ?"

"లేదు టీచర్. ఒకరిద్దరు చెప్పబోయారు కూడా. నేనే మాట మార్చేశాను."

"అన్నిటికీ ప్రశ్నలు వేసేవాడివి, ఇది ఎందుకు అడగలేదురా?"

"రాదంటారేమోనని. మీరు చెప్పింది కదా టీచర్."

నాకు ఏడుపొచ్చింది. దాచడమెందుకు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. వాడు గాభరాపడి మంచినీళ్ళు తెచ్చాడు, మళ్ళీ టీ తెప్పించాడు, ప్లాన్ కాయితం లాక్కుని చేపల మార్కెట్ అడ్డంగా కొట్టేసి హిమానీనదం అని ఇంత పెద్ద అక్షరాలతో రాశాడు. "రోజంతా దానికే టీచర్! వినగానే నాకు ఫోన్ చెయ్యండి, అక్కణ్ణుంచే!"

అంతలో మా ఆయన లేచి, మెడలోని టేపు తీసి వాడి భుజాలు కొలిచారు. తర్వాత ఛాతీ. తర్వాత పొట్ట దగ్గర కాసేపు ఆగారు.

"ఏంటి సార్ ఇది?"

"మూడో కోటు. బట్ట కాస్త ఎక్కువే పట్టేట్టుంది. ఫోన్‌లో ఏం వింటావు బాబూ, వచ్చి విను."

వాడు నా వైపు చూశాడు. "ఆఫీసు ఎవరు చూస్తారు టీచర్?" అంటూనే చెయ్యి మాత్రం సొరుగులోంచి ఇంకో ఫారం తీస్తోంది. పేరు రాశాడు, పుట్టిన తేదీ రాశాడు. ఇంతకుముందు వెళ్ళారా అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. మళ్ళీ నా వైపు చూశాడు.

"లేదు అని రాయరా" అన్నాను. "దస్తూరీ శుభ్రంగా ఉండాలి."

రాశాడు. రాసి, వెంటనే తలెత్తాడు. వీడు మారడు.

"టీచర్, అంత దూరం వెళ్ళాక చప్పుడు రాకపోతే?"

"రాలేదని వచ్చి అందరికీ చెబుదాం, ఇద్దరం కలిసి" అన్నాను.

"అప్పుడు చేపల మార్కెట్‌కి పోదాం" అన్నారు మా ఆయన.