రాజుగారి భుజాలు

సాయంత్రం నాటకం. రాజు కోటు ఇంకా కొయ్యకే వేలాడుతోంది.

నాటక కంపెనీ దుస్తుల గదిలో దర్జీ కత్తెర చేతిలోకి తీసుకోవడం, మళ్లీ బల్లమీద పెట్టేయడం పొద్దుటినుంచీ చూస్తూనే ఉంది అతని అక్క. ఆమె పని ఇస్త్రీ. నోటికి మాత్రం ఇస్త్రీ చేయదు.

"కత్తెర ఎత్తి దించినంత మాత్రాన గుడ్డ తెగదురా తమ్ముడూ," అంది.

ఆ కోటు తొడుక్కుని రాజు వేషం కట్టింది అతని భార్య. ఆమె పోయాక దాన్నెవరూ తొడగలేదు. కొయ్యకు తగిలించినా భుజాలు నిండుగా, లోపల ఆమె నిలబడి ఉన్నట్టే ఉండేవి. గదిలోకి వచ్చినప్పుడల్లా అతని చూపు ముందు అటే పోయేది.

ఇప్పుడు ఆ వేషం కూతురిది. కోటు ఆమెకు బిగుతు. విప్పి వెడల్పు చేయాలి. చేస్తే ఆ భుజాలు పోతాయి.

"అద్దెకు తెచ్చుకుందాం నాన్నా. దీన్ని ఇలాగే ఉండనీ," అంది కూతురు.

"అద్దె కోటు వేస్తే రాజులా ఉండవే, బ్యాండు వాయించేవాడిలా ఉంటావు," అంది అక్క.

కూతురు నవ్వలేదు. అమ్మ కోటు లేకుండా ఆ వేషం తనవల్ల కాదేమోనని ఆమె బెంగ. అది అతనికి తెలుసు. అందుకే చివరికి కత్తెర తీశాడు.

భుజం దగ్గర అస్తరు విప్పబోతూ ఆగిపోయాడు. అది తన కుట్టు కాదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అన్నీ వంకరటింకర. ఇంట్లో బొత్తాం ఊడితే అలా కుట్టేది ఒక్కరే. దారం లాగాడు. ముద్దలు ముద్దలుగా పాత దూది బయటపడింది. రెండో భుజంలోనూ అదే.

"ఇదేమిటక్కా?"

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఆ కోటు నువ్వు మరీ వెడల్పుగా కోశావురా. భుజాలు జారిపోయేవి. ఆ మాట చెప్పేలోపే నువ్వు అందరి ముందూ, ఒంటికి పోతపోసినట్టు ఉందని మురిసిపోయావు. ఇక నోరెత్తలేదు పిచ్చిది. నా దిండు విప్పి దూది పట్టుకుపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే? అన్నం నీళ్లు మానేసి మళ్లీ మొదటినుంచీ కుట్టేవాడివి. నీ సంగతి దానికి తెలియదా?"

అతను చేతిలోని దూది వైపు చూశాడు. ఇన్నాళ్లూ దుమ్ము దులుపుతూ, ఎవరినీ తాకనివ్వకుండా తాను కాపాడింది అక్కగారి దిండు. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని కూతురు పరుగున వచ్చింది. నవ్వుతున్నాడు. కళ్లు తుడుచుకుని, "తొడుక్కో," అన్నాడు.

దూది తీసిన కోటు ఆమె ఒంటిమీద ఎక్కడా పట్టకుండా, ఎక్కడా జారకుండా కూర్చుంది. ఆమె చేతులు చాచింది, గిర్రున తిరిగింది, తల్లిలా కాక తనలాగే నాలుగడుగులు వేసింది.

"సరిపోయింది నాన్నా!"

"సరిపోక? నేను కోసిన కోటు," అన్నాడు.

"అవునమ్మా, నువ్వు పుట్టకముందే నీ కొలత తీశాడు మీ నాన్న," అంది అక్క.

కత్తెర సొరుగులోకి వెళ్లిపోయింది. దూదిని మాత్రం అతను పారేయలేదు. సూదులు గుచ్చుకునే బుల్లి దిండు చాలాకాలంగా అణిగిపోయి ఉంది. దాన్ని విప్పి, కాస్త దూది కూరి, మూతి కుట్టాడు. కావాలనే వంకరగా కుట్టాడు.

అక్క చెయ్యి చాచింది.

"మిగిలింది ఇటు తే. మీ రాజుగారి పుణ్యమా అని ఇన్నాళ్లూ అట్టలాంటి దిండు మీద పడుకున్నాను."