మూడో నంబరు జెనొవేవా

జెనొవేవా ఒకటో నంబరు కాకుండానే చనిపోయింది. దానికి కారణం గాస్పార్. ఈ విషయంలో అలీపియోకు అనుమానం లేదు. అనుమానం ఉన్నవాళ్ళతో అతనికి పని లేదు.

ఆదివారం, ఉదయం ఏడున్నర. గోల్ వెనక రేకుల గదిలోంచి సున్నం బండిని బయటికి లాగాడు. ఎడమ చక్రం కీచుమంది. గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. తడి గడ్డి మీద సున్నం సరిగ్గా పట్టదు. అయినా ఎండెక్కేదాకా ఆగడం అతనికి అలవాటు లేదు. మూల జెండా దగ్గర ఒక మేకు, ఆ చివర ఇంకో మేకు దిగ్గొట్టి, మధ్య దారం లాగి కట్టాడు. దారం మీద వేలితో ఒకసారి మీటాడు. బిగువు చాల్లేదు. మళ్ళీ వెళ్ళి బిగించాడు.

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. మెడ కింద చర్మం ఎండకు కాలి గీతలు పడింది. చిన్నప్పుడు కార్కు ఫ్యాక్టరీలో బెరడు కోసే కత్తి కుడిచేతి చూపుడువేలి కొసను తీసుకుపోయింది. వంగితే నడుము పట్టేస్తుంది, లేస్తే మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. ఈ పనికి ఎవరైనా కుర్రవాణ్ణి పెడతామని క్లబ్బువాళ్ళు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ అతను విననట్టే ఊరుకున్నాడు. సొబ్రైరా ఊరి మైదానానికి యాభై ఆరేళ్ళుగా గీతలు గీస్తున్నది అతనే. ఆ గీతల మీద జట్టు మొదటి డివిజన్లో ఆడింది. ఆ గీతల మీదే ఇప్పుడు జిల్లా ఆఖరి డివిజన్లో ఆడుతోంది. సున్నం మాత్రం మారలేదు.

ఈరోజు క్లబ్బు పుట్టినరోజు. మూడు గంటలకు మ్యాచ్. మ్యాచ్‌కు ముందు మధ్య వృత్తంలో నిలబెట్టి కొత్త ఒకటో నంబరు సభ్యుడికి కార్డు ఇస్తారు. కార్డు అచ్చయి వచ్చింది. దాని మీద అలీపియో పేరుంది.

సొబ్రైరాలో సభ్యుడి నంబరంటే వయసు కాదు, డబ్బు కాదు, ఎవరు ముందు చేరారన్నదే లెక్క. పదేళ్ళకొకసారి పుస్తకం తిరగరాస్తారు. చనిపోయినవాళ్ళనూ వదిలేసి పోయినవాళ్ళనూ తీసేస్తారు. కిందివాళ్ళు పైకి జరుగుతారు. ఆ పదేళ్ళ మధ్యలో పైవాళ్ళందరూ పోయినా నీ నంబరు నీదే. జరగడానికి వీల్లేదు.

అలీపియో భార్య జెనొవేవా పుట్టిన రోజున ఆమె తండ్రి ముందు క్లబ్బుకు వెళ్ళాడు, తరవాత పేరు రాయించే ఆఫీసుకు. ఇక్కడ మగపిల్లాడు పుడితే చాలామంది అలాగే చేస్తారు. ఆడపిల్ల కోసం వచ్చింది ఆయనొక్కడే. పుస్తకం ముందున్న గుమాస్తా నవ్వాడట. "ఆడపిల్లకు సభ్యత్వం దేనికయ్యా? చొక్కాలు ఉతుకుతుందా?" అన్నాడట. "ఇది ఒకటో నంబరు అయ్యే రోజున నువ్వు మట్టిలో ఉంటావు. రాసుకో" అన్నాడట తండ్రి. ఆమె ఆ మాట వేలసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ తండ్రి గొంతుతోనే చెప్పేది.

ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఆమె సీసా మూతలు ఏరింది. మంచివి ఒక బుట్టలోకి, పుచ్చువి ఇంకో బుట్టలోకి. ఒక్కో మూత మీద ఆమె చూపు రెప్పపాటు కంటే ఎక్కువ నిలిచేది కాదు. మనుషుల్ని కూడా అలాగే చూసేది. పక్క ఊరి జట్టు అభిమానులు మనవాళ్ళను "సీసా మూతలు" అని వెక్కిరిస్తే, "అవును, మీ నోళ్ళకు సరిపోయేవే!" అని మూడో వరసలో స్తంభం పక్క నుంచి అరిచేది. రెఫరీలకు ఆమె అంటే భయం. ఒకసారి ఒకడు పెనాల్టీ ఇవ్వకపోతే, "కళ్ళజోడు మీ ఆవిడకు అద్దెకిచ్చి వచ్చావా నాయనా?" అంది. మైదానమంతా నవ్వింది. రెఫరీ కూడా నవ్వాడు. పెనాల్టీ మాత్రం ఇవ్వలేదు.

మొదటి డివిజన్లో ఆడిన రెండేళ్ళలో ఒక శీతాకాలం లిస్బన్ పెద్ద జట్టు వచ్చింది. ముందు రోజు సాయంత్రం అలీపియో నీళ్ళ గొట్టం కట్టెయ్యడం మరిచిపోయాడు. అలా అని అందరికీ చెప్పాడు. తెల్లారేసరికి మైదానం బురదమడి. లిస్బన్‌వాళ్ళ తెల్ల మేజోళ్ళు పది నిమిషాల్లో మట్టిరంగుకు తిరిగాయి, మన జట్టు రంగుకు. ఒకటి-సున్నా. గొట్టం సంగతి జెనొవేవాకు ఒక్కదానికే తెలుసు. ఆ వారమంతా ఆమె అతని ముందు కంచం పెట్టినప్పుడల్లా, "మరిచిపోయావా, ఉప్పు వేసుకోవాలి" అని నవ్వింది. ఇప్పుడు రొట్టె చారు తనే కాచుకుంటున్నాడు. కొత్తిమీర ఎక్కువవుతుంది, లేదా వెల్లుల్లి తక్కువవుతుంది. ఉప్పు గుర్తుచేసేవాళ్ళు లేరు.

తరవాత జట్టు దిగజారింది. కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ వచ్చింది. కోటు వేసుకున్నవాళ్ళు, కంప్యూటర్లున్నవాళ్ళు. జట్టును నడుపుతామన్నారు. నడిపి, పోట్లాడి, ఆటగాళ్ళనూ డివిజన్‌లో స్థానాన్నీ పట్టుకుని వేరే ఊరు పోయారు. సొబ్రైరాకు మిగిలింది మైదానం, సభ్యుల పుస్తకం, పేరు మీద ఒక కోర్టు కేసు. ఊళ్ళో పిల్లలతో ఆఖరి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

తొమ్మిది గంటలకు గాస్పార్ వచ్చాడు.

రెండేళ్ళ కిందట, పుస్తకం తిరగరాయడం వాయిదా పడినప్పుడు, క్లబ్బు అధ్యక్షుడు అతనే. అతనూ అలీపియో ఒకే బల్ల దగ్గర బెరడు కోసినవాళ్ళు. పుస్తకంలో జెనొవేవా మూడు, అలీపియో నాలుగు, గాస్పార్ అయిదు. జెనొవేవాను పాతిపెట్టిన రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గాస్పార్ మంచి కోటు వేసుకున్నాడు. బొత్తాలు పట్టడం లేదు. గీత తొక్కకుండా అవతలే ఆగాడు.

"వంకర పోయిందిరా" అన్నాడు.

అలీపియో తలెత్తలేదు. గీత వంకర పోలేదని ఇద్దరికీ తెలుసు.

"ఏడు నెలలు. నోట్లో కార్కు బిగించుకుని తిరుగుతున్నావు. నేను చచ్చాక మాట్లాడతావా?"

"బూట్లు వెనక్కి తియ్యి. దారానికి తగులుతున్నాయి."

గాస్పార్ అడుగు వెనక్కి వేశాడు. మాట దొరికినందుకు అతని ముఖం కాస్త తేరుకుంది. "ఆఫీసులో లీడియా చెప్పింది, కార్డు తీసుకోనన్నావట. ఒరేయ్, నువ్వు తీసుకోకపోతే అది నాకొస్తుంది. నాకొద్దు. దాన్ని పట్టుకుని ఆవిడ సమాధి ముందు నుంచి నడవాలి నేను. నాకు ముఖం చెల్లదు."

"రెండేళ్ళ కిందట చెల్లింది."

"అప్పుడు పుస్తకం కోర్టులో ఉంది. ఏం చెయ్యమంటావు?"

"నకలు ఉంది."

"ఉంది" అన్నాడు గాస్పార్. "నకలుతో చేసి ఉండొచ్చు. ఊళ్ళో అందరూ కేసు గొడవలో ఉన్నారు, తరవాత చూద్దాంలే అనుకున్నాను. తప్పే. కానీ నేను అడిగాను కదరా. రెండొందల మంది ముందు నిలబడి అడిగాను. వాయిదాకు ఒప్పుకునేవాళ్ళు కూర్చోండి, కాదనేవాళ్ళు లేవండి అన్నాను. ఒక్కరు లేచినా వదిలేసేవాణ్ణి. ప్రమాణం చేసి చెబుతున్నా. ఒక్కరు లేచినా. చూశాను, అటూ ఇటూ చూశాను. ఎవరూ లేవలేదు."

అలీపియో సున్నం బండి పిడి పట్టుకుని నిలబడ్డాడు. బండి కదలలేదు. ఆగిన చోట సున్నం కారి, గీత మీద తెల్లటి కుప్ప అయింది.

"వెళ్ళు" అన్నాడు.

గాస్పార్ వెళ్ళాడు.

వాయిదా అడిగిన ఆ రోజు ఫ్యాక్టరీ హాల్లో చలిగా ఉంది. ఆఖరి నుంచి రెండో వరసలో అలీపియో, జెనొవేవా పక్కపక్కన కూర్చున్నారు. అప్పటికి ఒకటో నంబరు మంగలి పోయాడు, రెండో నంబరు ఆయనా పోయాడు. ఆ వసంతంలో పుస్తకం తిరగరాస్తే జెనొవేవా ఒకటి. నలుపు గౌను కొత్తగా కుట్టించుకుంది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. గాస్పార్ మాట ముగించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె మోకాలు అప్పటికే పాడైంది. ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవలేకపోయేది. ఆమె చెయ్యి వచ్చి అతని మోచేతి పైన పట్టుకుంది. గట్టిగా. బరువు అతని మీద వేసింది.

అలీపియో జన్మలో ఏ సభలోనూ లేచి నిలబడలేదు. ఫ్యాక్టరీలో సమ్మె నాడూ లేవలేదు, యూనియన్ ఎన్నికలప్పుడూ లేవలేదు. రెండొందల తలలు తన వైపు తిరుగుతాయన్న ఊహకే అతని చెవులు వేడెక్కాయి. తన కోటు విప్పాడు. ఆమె భుజాల మీద కప్పాడు. కోటు బరువైనది. ఆమె అతని వైపు చూసింది, మూతను చూసినట్టు, రెప్పపాటు. తరవాత చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏకగ్రీవం" అన్నాడు గాస్పార్.

కిందటి శరత్కాలం, ఆసుపత్రిలో, ఆమె ఒక్కసారే ఆ మాట ఎత్తింది. "ఆ రోజు నీ చెయ్యి పట్టుకున్నాను, గుర్తుందా?"

"చలేసిందనుకున్నా."

"చలి కాదయ్యా. లేద్దామని." ఆమె కిటికీ వైపు తిరిగింది. ఫ్యాక్టరీ పొగగొట్టం మీద కొంగ గూడు కనిపిస్తోంది. "పోనీలే. ఆదివారం ఎంతతో గెలిచారు?"

"ఓడిపోయారు" అన్నాడు. నిజానికి రెండు-ఒకటితో గెలిచారు. అది కూడా తప్పు చెప్పాడు. నోటికి ఏదొస్తే అది అన్నాడు.

చలి అనుకున్నానన్నది అబద్ధం. అది అతనికి అప్పుడూ తెలుసు, ఆసుపత్రిలోనూ తెలుసు. ఆమెకూ తెలుసేమో. అడగడానికి ఇక వీల్లేదు.

అతను వంగి గీత మీద కుప్పపడ్డ సున్నాన్ని చేత్తో ఎత్తి పక్కకు పోశాడు. మిగిలిన గీతలు గీశాడు. గోల్ నుంచి పదకొండు మీటర్లు కొలిచి పెనాల్టీ చుక్క పెట్టాడు. మధ్య వృత్తం ఆఖర్న గీశాడు. మేకుకు దారం కట్టి, చుట్టూ తిరిగి, మొదలైన చోటే కలిపాడు. అతుకు కనిపించలేదు. ఎప్పుడూ కనిపించదు.

రెండున్నరకు జనం రావడం మొదలైంది. వేయించిన సార్డీన్ల వాసన, పిల్లల అరుపులు. మూడో వరసలో స్తంభం పక్కన ఎవరూ కూర్చోలేదు. అక్కడ కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు.

అలీపియో చేతులు కడుక్కుని ఆఫీసులోకి వెళ్ళాడు. కార్యదర్శి లీడియా అద్దంలో చూసుకుంటూ మట్టిరంగు చారల మెడగుడ్డ సర్దుకుంటోంది. కార్కు బిళ్ళకు బిగించిన కొత్త కార్డు బల్ల మీద సిద్ధంగా ఉంది.

"హమ్మయ్య, వచ్చావా బాబాయ్! నీ చొక్కా ఏంటి ఇలా ఉంది? అధ్యక్షుడి కోటు అడిగి తెస్తానుండు."

"కాగితం ఒకటి ఇవ్వు."

ఇచ్చింది. అతను నిలబడే రాశాడు. చూపుడువేలి కొస లేని చేత్తో అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా వచ్చాయి. సభ్యత్వం మానుకుంటున్నాను. అలీపియో. తారీఖు వేశాడు.

లీడియా చదివింది. మళ్ళీ చదివింది. "నీకేమైనా పిచ్చా బాబాయ్? అరవై ఆరేళ్ళ సభ్యత్వం! ఇది పుస్తకంలో ఎక్కితే మళ్ళీ చేరినా ఆఖరి నంబరే. నిన్న పుట్టిన పిల్లాడి కింద!"

"తెలుసు."

"అప్పుడు కార్డు గాస్పార్ గారికి పోతుంది. నువ్వు చూస్తూ ఊరుకుంటావా? పిన్ని పోయిన దగ్గర్నుంచి ఆయన నీడ కూడా తొక్కనివాడివి..."

"గాస్పార్‌కే ఇవ్వండి. అతను నోరు తెరిచి అడిగాడు. అడిగినవాడిదేం తప్పు?"

"మరి తప్పెవరిది?"

బయట మైకు గరగరమంది. పేర్లు చదవబోతున్నారు. లీడియా అతని మోచెయ్యి పట్టుకుంది. అతను ఆ చెయ్యి వైపు చూశాడు. అతని ముఖం చూసి ఆ పిల్ల చెయ్యి వదిలేసింది.

"ఏమైంది బాబాయ్? చెప్పు. ఎవరికీ చెప్పను."

"చెప్పడానికి ఏం లేదు. ఇవాళ్టితో సరి. ఈ సంగతి నేనింక ఎత్తను. నీతో కాదు, గాస్పార్‌తో కాదు, పాదిరీతో కూడా కాదు. నా ముందు ఎవరూ ఎత్తొద్దు."

గోల్ వెనక చిన్న గేటులోంచి బయటికి నడిచాడు. మైకులో గాస్పార్ పేరు రెండుసార్లు పిలిచారు. రెండోసారికి చప్పట్లు మొదలయ్యాయి. అతను వెనక్కి తిరగలేదు.

ఆఫీసు బల్ల మీద, కాగితం పక్కన, అతను తీసి పెట్టిన పాత కార్డు ఉంది. నాలుగో నంబరు. మూలలు అరిగిపోయాయి. ఫొటోలో అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. స్టూడియోకు విడిగా వెళ్ళకుండా, ఏదో పండగ నాడు జంటగా దిగిన ఫొటోలోంచి కత్తిరించి అంటించుకున్నట్టున్నాడు. కత్తెర సరిగ్గా పడలేదు. ఎడమ అంచున, అతని భుజానికి ఆనుకుని, ఆమె పూల గౌను చేతి గుడ్డ అంచు ఒక వేలి వెడల్పున మిగిలిపోయింది.