మధ్యకొచ్చిన బంతి

నేను ఒక బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్‌ని. నన్ను చేసిన వడ్రంగి చెక్కను ఆవిరిలో వంచి, ఆరబెట్టి, "ఇది కొన్నవాడికన్నా ఎక్కువ కాలం ఉంటుంది" అన్నాడు. పొగిడాడనుకున్నాను. అందులో ఎంత బెంగ ఉందో తర్వాత తెలిసింది.

చీరాల పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మృత్యుంజయం గారు నన్ను కొన్నారు. ఆటలో ఆయన జోడీ దర్జీ కరీముల్లా. ముప్పై ఏళ్లు రోజూ పొద్దున్నే హైస్కూలు మైదానంలో ఆడారు. బంతి మధ్యకొస్తే ఇద్దరూ "నాది" అని మీదపడేవాళ్లు. నా నుదుటి మీది నొక్కు కరీముల్లా బ్యాట్ పెట్టిందే.

యాభై అయిదు దాటాక మృత్యుంజయం గారి అరచేయి మారింది. అలసిన చేయి వదులవుతుందనుకుంటారు గానీ, అది ఇంకా బిగుస్తుంది. రెండో గేముకే మోచేతి దాకా వణుకు, పిక్కల్లో నరాలు పట్టేయడం. అప్పుడాయన ఆట ఆపి నా తీగలు ఒక్కొక్కటే వేలితో సర్దేవారు. తీగలు బాగానే ఉండేవి. ఊపిరే దారికొచ్చేది కాదు.

"ఇంటికొచ్చి కాళ్లు పట్టించుకోడానికా మీ ఆట?" అనేది భార్య అనసూయమ్మ.

"నేను మానేస్తే కరీముల్లా ఎవరితో ఆడతాడే?"

ఆ మైదానం తప్ప ఆ ఇద్దరికీ కలిసే చోటు లేదు. ఆట ఆగితే మనిషికి మనిషి దూరమవుతాడని నాకూ గుబులే.

ఒక ఆదివారం బ్యాంకులో కొత్తగా చేరిన ఇద్దరితో పోటీ పడ్డారు. మూడో గేము చివర్లో బంతి మెల్లగా, నడుమెత్తున మధ్యకొచ్చింది.

"నీదే" అన్నారు మృత్యుంజయం గారు, కదలకుండా.

"నీదే" అన్నాడు కరీముల్లా, అదే క్షణంలో.

బంతి ఇద్దరి నడుమా మర్యాదగా కూర్చుంది. కాసేపటికి వాళ్లూ కూర్చున్నారు.

"ఎప్పట్నించి బావా ఈ నొప్పులు?" అన్నాడు కరీముల్లా.

"దసరా నించి. నీకు?"

"రంజాన్ నించి. మిషను తొక్కి తొక్కి మోకాళ్లు పోయినయ్."

"చెప్పొచ్చుగదయ్యా."

"చెప్తే నువ్వు మానేస్తావని."

"నేనూ అందుకే చెప్పలా."

ఒకరిమీద ఒకరికున్న ప్రేమతో ఏడాదిపాటు ఒకరినొకరు చంపుకున్నారన్నమాట.

ఆ రోజు నన్ను మేకుకు తగిలించారు. ఇక అంతే అనుకున్నాను. కానీ మర్నాడు అయిదున్నరకు మృత్యుంజయం గారు నన్ను తీసుకుని, బూట్లు లేకుండా చెప్పులతోనే బయల్దేరారు. కరీముల్లా అప్పటికే మైదానంలో సిమెంటు బల్ల మీద టీ ఫ్లాస్కుతో ఉన్నాడు.

"నిన్నటిది నీ బంతే" అన్నాడు.

"ఎట్టా అవుద్ది? నీ వైపు పడింది."

"నువ్వు నిలబడ్డది ఎక్కడ, చూపించు."

చూపించడానికి నన్ను గాల్లోకి ఎత్తారు. గంటసేపు వాదించుకున్నారు. ఆటలో కూడా అంతగా రొప్పలేదు.

ఇది నాలుగేళ్ల నాటి మాట. నా తీగలు మూడు తెగాయి, ఎవరూ వేయించలేదు. బల్ల మీద వాదన మాత్రం ఒక్క పొద్దూ ఆగలేదు. ఆ బంతి ఎవరిదో రోజూ ఇంచుమించు తేలిపోయేలా ఉంటుంది. నాకు రోజూ ఆ భయమే.