ఇసుక పోయని సంచి

నేను ఒక వీపుసంచిని. కాకినాడలో, సినిమాలకి సామాన్లు సమకూర్చే గవర్రాజు కుట్టుమిషను మీద పుట్టాను. ఆ మిషను కాలంచేసిన వాళ్ళావిడది. దాని ముందు కూర్చుంటే ఆయన చెయ్యి మెత్తబడుతుంది. మోసేవాడి భుజం ఒరుసుకోకూడదని నా పట్టీల్లో పాత దుప్పటి ముక్కలు మడిచిపెట్టి కుట్టాడు.

నా ఉద్యోగం సినిమాలో. ఎవరికీ తెలియని స్వర్గంలాంటి దీవిని వెతుక్కుంటూ కొందరు కుర్రాళ్ళు సంచులు తగిలించుకుని బయల్దేరతారు, అదీ కథ. ఆ స్వర్గం గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక ఇసుకదిబ్బ. అక్కడున్న సరుగుడు చెట్లు స్వర్గానికి నప్పవని ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు తెచ్చి పాతారు. కోనసీమకి కొబ్బరిచెట్లు మోసుకొచ్చినవాళ్ళని నేనక్కడే చూశాను.

చెట్లు ఎలా ఉన్నా, నా బరువు మాత్రం నిజమైనదే కావాలన్నాడు దర్శకుడు. "ఇసుక పొయ్యి గవర్రాజూ. వాడి మొహంలో కష్టం కనబడాలి."

నన్ను మోసేవాడు నిహాంత్. కొత్త కుర్రాడు. నడుంనొప్పి, పైగా ఈత రాదు. ఆ సంగతి బయటపడితే వేషం పోతుందని గవర్రాజు చెవిలో మాత్రమే వేశాడు.

"నటన వచ్చా నాయనా?"

"వచ్చు బాబాయ్."

"అయితే ఇసుక మోసినట్టు నువ్వు నటించు. పోసినట్టు నేను నటిస్తాను."

నా కడుపునిండా థర్మోకోల్ కూరి, సాక్ష్యానికి పైన గుప్పెడు ఇసుక చల్లాడు.

మర్నాడు నిహాంత్ పడవ దిగి, నీళ్ళలో నడిచి దీవి చేరాలి. ముందురోజు అక్కడ మోకాల్లోతే. రాత్రి పోటుకి అడుగున ఇసుక కదిలిపోయింది, ఎవరూ గడవేసి లోతు చూడలేదు. దిగినవాడి కాలికి నేల తగల్లేదు. వాడి తల మునిగింది, నేను తేలాను.

కెమెరా తిరుగుతూనే ఉంది. అందరూ అది నటనే అనుకున్నారు. గవర్రాజు ఒక్కడే గట్టుమీంచి పరిగెత్తుతూ అరిచాడు.

"పట్టీలు వదిలేసి సంచిని కావిలించుకోరా! అది మునగదు!"

ఆ కేకతో తన ఉద్యోగం నీళ్ళపాలైందని ఆయనకి తెలుసు. నిహాంత్ నన్ను వాటేసుకున్నాడు. ఆ ఊపిరి నాకింకా గుర్తుంది. పడవవాళ్ళు ఇద్దరినీ లాగి గట్టున పడేశారు.

దర్శకుడు నా మూతి విప్పి, థర్మోకోల్ ముక్క ఒకటి బయటికి తీశాడు. గవర్రాజు తల వంచుకున్నాడు.

"మిగతా సంచుల్లో ఏముంది?"

"మీరు చెప్పిన ఇసుకేనండి."

"ముందు అవి ఖాళీ చెయ్యి."

సినిమా ఆడింది. నిహాంత్ నా కింద నడుం వంచి ఒగరుస్తుంటే హాలంతా "అయ్యో పాపం" అంది. ఇప్పుడు నేను కుట్టుమిషను పక్కన మేకుకి వేలాడుతున్నాను. కాకినాడ వచ్చినప్పుడల్లా నిహాంత్ నన్ను ఒంటివేలితో ఎత్తి, "అబ్బా, నడుం పోయింది బాబాయ్!" అంటాడు. గవర్రాజు నవ్వుతాడు. స్వర్గం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.